పాత నగ అసలు బంగారమేనా? కొనే ముందు, కొన్నాక చేయాల్సిన పరీక్షలు

బంగారానికి ఎన్ని పరీక్షలున్నా అవి తేల్చేవి రెండే విషయాలు. నగ పైన ఏ లోహం ఉంది, లోపల ఏ లోహం ఉంది. గీటురాయి, యాసిడ్, ఎక్స్‌రే యంత్రం పైభాగం సంగతి చెబుతాయి. తూకం, నీళ్ల పరీక్ష లోపలి సంగతి చెబుతాయి. దళసరి పూత వేసిన ఇత్తడి గాజు గీటురాయి మీద అచ్చం బంగారంలాగే గీత గీస్తుంది. సీసం పోసిన లాకెట్ చేతిలో బరువుగానే తూగుతుంది. అందుకే పైపరీక్ష ఒకటి, లోపలి పరీక్ష ఒకటి, రెండూ చేయనిదే ఏ నగనూ నమ్మకండి. ఒక్క పరీక్షను బోల్తా కొట్టించే నకిలీలు బోలెడు. రెండింటినీ దాటే నకిలీ చేయడం కష్టం, దానికి ఖర్చూ ఎక్కువే.

సామాను పెద్దగా అక్కర్లేదు. పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం, నియోడిమియం అయస్కాంతం, గ్రాములో నూరో వంతు, అంటే 0.01 దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా, సన్న నైలాన్ దారం, ప్లాస్టిక్ గ్లాసు ఉంటే చాలు. యాసిడ్ కిట్ తర్వాత చూసుకోవచ్చు. అమ్మేవాళ్ల దగ్గర కూర్చుని నగను ఆకురాయితో గీకడం ఎలాగూ కుదరదు. భూతద్దం, అయస్కాంతం, కాటా మాత్రం ఎక్కడైనా బయటికి తీయొచ్చు. వాటినీ వద్దనే మనిషి దగ్గర కొనకపోవడమే మేలు.

1. కడిగి, భూతద్దంతో చూడండి

చెమట, నూనె, సబ్బు పేరుకున్న నగ మీద ఏ పరీక్ష చేసినా తప్పే వస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు కడిగే సబ్బు రెండు చుక్కలు వేసి, నగను ఐదు నిమిషాలు నాననిచ్చి, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరబెట్టండి. ముత్యాలు, పగడాలు, జిగురుతో అతికించిన రాళ్లు ఉంటే నానబెట్టొద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

తర్వాత నగలో రాపిడి ఎక్కువగా పడే చోట్లు వెతకండి. ఉంగరానికి అరచేతి వైపు, గొలుసుకు కడియాలు ఒకదాన్నొకటి ఒరుసుకునే చోటు, గాజుకు అంచులు, కమ్మకు చెవిలో దూరే కాడ, ఇంకా కొక్కెం చుట్టుపక్కల. పూత ముందుగా అరిగేది ఇక్కడే. కింద నుంచి ఎర్రగా తొంగిచూస్తే రాగి, నిమ్మపండు రంగైతే ఇత్తడి, తెల్లగా ఉంటే వెండి లేదా నికెల్. అసలు బంగారానికి గీతలు పడినా గీత లోపలి రంగు, పైరంగు ఒకటే. సందుల్లో ఆకుపచ్చటి చిలుము కనిపిస్తే రాగి పాలు ఎక్కువన్నమాట. అతుకుల దగ్గర రంగు కాస్త పాలిపోయి ఉందని మాత్రం కంగారు పడకండి. అతికించడానికి వాడే లోహం కాస్త తక్కువ వన్నెది, అంటే తక్కువ స్వచ్ఛమైనది కావడంతో మంచి నగల్లోనూ అలా కనిపిస్తుంది.

ఇక ముద్రలు. అంకెలు వెయ్యిలో ఎన్ని పాళ్లు బంగారమో చెబుతాయి: 375 అంటే 9 కారట్, 417 అంటే 10, 585 అంటే 14, 750 అంటే 18, 916 అంటే 22. పాత రష్యా నగల మీద 585కు బదులు 583 ఉంటుంది. ఫ్రాన్స్‌లో 1838 నుంచి 18 కారట్ నగ మీద గద్ద తల ముద్ర వేస్తున్నారు. భారత్‌లో 2021 నుంచి హాల్‌మార్క్‌తో పాటు అక్షరాలు, అంకెలు కలిపి ఆరు గుర్తులుండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ వస్తోంది. దాన్ని భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ రకం, వన్నె కనిపిస్తాయి. మీ చేతిలో ఉన్నది ఉంగరమై, యాప్ గొలుసు అని చెబితే ఆ ముద్ర ఇంకెక్కడి నుంచో వచ్చిందనుకోవాలి.

పసుపు రంగు నగ మీద 925 ఉంటే అది వెండి, పైన పూత. జీపీ, జీఈపీ, హెచ్‌జీఈ, ఆర్‌జీపీ అక్షరాలన్నీ పూతకు గుర్తులే. జీఎఫ్ అంటే ఇత్తడి మీదో మరో చౌక లోహం మీదో బంగారు రేకు వేడితో, ఒత్తిడితో అతికించినది. అమెరికా నగల మీద దాని ముందు 1/20 అని ఉంటే మొత్తం బరువులో ఇరవయ్యో వంతు మాత్రమే ఆ రేకు. అందరూ పొరబడే గుర్తు ఒకటుంది: 14 కేపీ. ఇందులో పీ అక్షరం పూతను చెప్పదు, వన్నె సరిగ్గా 14 కారట్ ఉందని చెబుతుంది. దీన్ని గిల్టు అనుకుని మంచి నగను వదులుకునేవాళ్లుంటారు.

ముద్ర ఉందని కొనేయొద్దు, లేదని పక్కన పెట్టేయొద్దు. చేత్తో చేసిన పాత నగల మీద ముద్ర లేకపోవడం మామూలే. మోసం జరిగేది ముద్ర కొట్టిన బిళ్ల దగ్గర. అసలు బంగారు కొక్కేన్నో, ముద్ర ఉన్న చిన్న రేకునో తెచ్చి నకిలీ గొలుసుకు అతికిస్తారు. కాబట్టి భూతద్దంలో ముద్ర కంటే ముందు దాని చుట్టూ ఉన్న అతుకు చూడండి. కొక్కెం రంగు, అరుగుదల గొలుసుతో పోలకపోతే రెండింటినీ విడివిడిగా పరీక్షించాల్సిందే.

2. అయస్కాంతం

అర నిమిషం పని. బంగారం అయస్కాంతానికి అంటుకోదు. నగ ఒళ్లంతా లాగితే లోపల ఇనుమో, ఉక్కో, నికెలో ఉన్నట్టు, ఇక ముందుకు పోనక్కర్లేదు. కొక్కెం ఒక్కటే లాగితే అది తప్పు కాదు, లోపలి స్ప్రింగు చాలాసార్లు ఉక్కుదే. అంటుకోకపోతే మాత్రం ఏమీ తేలనట్టే లెక్క. రాగి, ఇత్తడి, వెండి, సీసం, టంగ్‌స్టన్ ఏవీ అంటుకోవు. ఇప్పుడు విరివిగా దొరికే బంగారు రంగు స్టెయిన్‌లెస్ స్టీల్ నగల్లో 316 ఎల్ రకం కూడా దాదాపుగా అంటుకోదు.

3. నీళ్లలో తూచడం

ఇంట్లో చేసుకునే పరీక్షల్లో ఇంత పనికొచ్చేది ఇంకోటి లేదు. నగకు గీత పడదు, యాసిడ్ అక్కర్లేదు, పైన ఎంత మందం పూత వేసినా దీని కళ్లు కప్పడం కష్టం. నకిలీలకు మామూలుగా వాడే లోహాల కంటే బంగారం చాలా దట్టమైనది. ఒక ఘన సెంటీమీటరు మేలిమి బంగారం 19.32 గ్రాములు తూగితే రాగి 8.96, వెండి 10.49, ఇత్తడి దాదాపు 8.5 తూగుతాయి. ఒకే బరువున్న ఇత్తడి ఉంగరం, 22 కారట్ల ఉంగరం నీళ్లలో ముంచితే ఇత్తడిది రెట్టింపు నీటిని పక్కకు నెడుతుంది.

చేసే తీరు ఇది:

1. నగను పొడిగా తూచి బరువు రాసుకోండి.
2. ప్లాస్టిక్ గ్లాసులో నగ నిండా మునిగేటన్ని నీళ్లు పోసి, ఒక చుక్క సబ్బు కలిపి, కాటా మీద పెట్టండి. గ్లాసు, నీళ్లు కలిపి కాటా మోయగల బరువు దాటకూడదు. టేర్ నొక్కి సున్నాకు తెండి.
3. నగను నైలాన్ దారంతో కట్టి నీళ్లలోకి దించండి. పూర్తిగా మునగాలి, గ్లాసు అడుగుకు గాని గోడకు గాని తగలకూడదు. దారాన్ని చేత్తో పట్టుకుంటే అంకె ఊగుతుంది, గ్లాసు పక్కన పుస్తకాలు పేర్చి వాటి మీద అడ్డంగా పెట్టిన పెన్నుకు కట్టండి. పుస్తకాలు కాటాను తాకకూడదు.
4. నగను ఒకటి రెండుసార్లు నీళ్లలోనే కదిపి బుడగలు వదిలించి, అంకె నిలిచాక రాసుకోండి.
5. పొడి బరువును ఆ అంకెతో భాగించండి. వచ్చేదే సాంద్రత, అంటే ఒక ఘన సెంటీమీటరు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె.

ఉదాహరణకు 8.02 గ్రాముల ఉంగరాన్ని వేలాడదీస్తే కాటా 0.45 చూపించింది. 8.02ను 0.45తో భాగిస్తే 17.8. అది 22 కారట్. అంతే బరువున్న 18 కారట్ల ఉంగరమైతే 0.52 దగ్గర, 14 కారట్లదైతే 0.61 దగ్గర, ఇత్తడిదైతే 0.94 దగ్గర నిలిచేది.

22 కారట్ బంగారం 17.6 నుంచి 18 మధ్య వస్తుంది. 18 కారట్ 15 నుంచి 16, 14 కారట్ 12.9 నుంచి 14.3, 9 కారట్ సుమారుగా 11 నుంచి 12.5. కలిపింది రాగి ఎక్కువైతే కింది అంకెకు, వెండి ఎక్కువైతే పై అంకెకు దగ్గరగా వస్తుంది. 8, 9 దగ్గర తేలితే ఇత్తడి, రాగి, స్టీలు. పదిన్నర దగ్గరైతే వెండి. సీసం సాంద్రత 11.34 కాబట్టి సీసం నకిలీ 9 కారట్ నగలా కనిపించగలదు. 22 కారట్ అని అమ్మితే మాత్రం దొరికిపోతుంది.

తప్పులు ఎటువైపు పోతాయో తెలిస్తే ఫలితాన్ని అర్థం చేసుకోవడం సులువు. బుడగలు అంటుకున్నా, నగ అడుగుకు తగిలినా, గొలుసు బోలుగా ఉన్నా అంకె పెరిగి సాంద్రత తగ్గినట్టు వస్తుంది. అంటే మంచి బంగారమే చెడ్డదిగా కనిపిస్తుంది. దీనికి తిరగబడేది ఒక్కటే: నగలో కొంత భాగం నీటి పైకి తేలి ఉంటే అంకె తగ్గి, ఇత్తడి కూడా బంగారంలా లెక్క తేలొచ్చు. తక్కువ వచ్చిన ప్రతిసారీ బుడగలు వదిలించి మళ్లీ తూచండి. ఎక్కువ వస్తే నగ నిండా మునిగిందో లేదో చూడండి.

చిన్న నగలతో చిక్కుంది. రెండు గ్రాముల 22 కారట్ కమ్మ నెట్టే నీరు 0.11 గ్రాములే. కాటా ఒక్క అంకె అటో ఇటో అయితే ఫలితం 16.7 నుంచి 20 దాకా ఊగిపోతుంది. అయిదారు గ్రాములు దాటిన నగలకే ఈ లెక్క మీద ఆధారపడండి. రాళ్లు పొదిగినవి, లక్కో మైనమో నింపిన గుండ్లు, బోలు గాజులు దీనికి పనికిరావు. వాటిలో సాంద్రత తక్కువ రావడం సహజం, దాన్ని బట్టి నకిలీ అనలేం.

సాంద్రతను మోసగించే లోహం టంగ్‌స్టన్. దానిది 19.25, మేలిమి బంగారానికి వెంట్రుకవాసి తేడాలో ఉంది. పలచటి నగల్లో దాన్ని ఇమడ్చడం కష్టం కనుక బిస్కెట్లు, కడ్డీలు, మందపాటి నాణేల దగ్గరే ఈ బెడద. ఉంగరాల్లో వచ్చేది టంగ్‌స్టన్ కార్బైడ్. ఉంగరాలకు వాడే రకం 14, 15 దగ్గర తూగి, 14 నుంచి 18 కారట్ బంగారంలా లెక్క తేలుతుంది. పట్టుకోవడం తేలికే: దాని మీద ఆకురాయి జారిపోతుంది, గీత పడదు. బంగారం అంత గట్టిగా ఉండదు.

4. గీటురాయి, యాసిడ్

నగ మీ సొంతమయ్యాక, లేదా అమ్మినవాళ్లు ఒప్పుకున్నాకే ఇది చేయండి. కిట్‌లో నల్లటి గీటురాయి, 10, 14, 18, 22 కారట్ల యాసిడ్ సీసాలు ఉంటాయి. 14 కారట్ యాసిడ్‌లో ప్రధానంగా నైట్రిక్ ఉంటుంది. 18, 22 యాసిడ్లలో హైడ్రోక్లోరిక్ కూడా కలుపుతారు, ఆ రెండూ కలిస్తేనే బంగారం కరుగుతుంది. వన్నె తెలిసిన బంగారు మొనలున్న పుల్లల సెట్టును తప్పకుండా విడిగా కొనుక్కోండి. అవి లేకుండా ఈ పరీక్ష సగం ఊహే.

కిటికీలు తెరిచిన చోట కూర్చోండి. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు, పక్కన నీళ్లు, ఒక గిన్నెలో వంటసోడా. యాసిడ్ ఒలికితే సోడా చల్లి, నురగ ఆగేదాకా ఉంచి, అప్పుడు కడగాలి. ఒంటి మీద పడితే మాత్రం సోడా కోసం చూడకుండా ధారగా నీళ్లు పోస్తూ ఉండండి.

ముందు నగలో కనిపించని చోటు ఎంచుకోండి. ఉంగరం లోపలి వైపు, బిళ్ల వెనక, కొక్కెం పక్క కడియం. అతుకు మీద వద్దు, వన్నె తక్కువ చూపిస్తుంది. అక్కడ మూడంచుల ఆకురాయితో పూత దాటేలా చిన్న గాటు పెట్టండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. గాటు లేకుండా గీస్తే రాయి మీద పడేది పూత ఒక్కటే, జీఎఫ్ రేకు కూడా హాయిగా పాసైపోతుంది. గాటులో రంగు మారితే అక్కడికే తేలిపోయినట్టు.

ఆ గాటు అంచుతో రాయి మీద రెండు సెంటీమీటర్ల పొడవు, మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు వచ్చేదాకా అదే చోట ముందుకూ వెనక్కూ రుద్దండి. గీత సన్నగా, మచ్చలు మచ్చలుగా ఉంటే మంచి బంగారం కూడా తొందరగా మాయమైనట్టు కనిపిస్తుంది, కాబట్టి లోహపు మెరుపుతో నిండుగా పడాలి. దాని పక్కనే, అంతే మందంగా, మీరు అనుమానిస్తున్న వన్నె పుల్లతో ఇంకో గీత గీయండి. ఇప్పుడు తక్కువ కారట్ యాసిడ్‌తో మొదలుపెట్టి, రెండు గీతలకూ అడ్డంగా ఒక చుక్క పాకించండి.

చూపు తిప్పకుండా అర నిమిషం గమనించండి. ఇత్తడి, రాగి గీత ఆకుపచ్చటి నురగతో క్షణాల్లో పోతుంది. వెండైతే పాలలాంటి తెల్లటి మడ్డి వస్తుంది. యాసిడ్ వన్నె కంటే తక్కువ బంగారమైతే గీత గోధుమ రంగుకు తిరిగి, అంచుల నుంచి చెదిరిపోతుంది. సమానమో ఎక్కువో అయితే మెరుపు నిలుస్తుంది. నిలిస్తే పక్కన కొత్త గీతలు గీసి పై కారట్ యాసిడ్ వేయండి. 18 యాసిడ్‌కు నిలిచి 22 యాసిడ్‌కు చెదిరితే ఆ నగ 18కీ 22కీ మధ్య ఉన్నట్టు. అంత కంటే దగ్గరగా చెప్పాలంటే పుల్ల గీత, నగ గీత ఒకే వేగంతో మారుతున్నాయో లేదో పోల్చుకోవాలి. పోలిక లేకుండా యాసిడ్ మాటను మాత్రమే వినడం ప్రమాదం. సీసా పాతబడే కొద్దీ యాసిడ్ బలం తగ్గి తక్కువ వన్నె బంగారం కూడా పాసవుతుంది. పుల్ల గీత కూడా తన వన్నెకు తగ్గట్టు మారడం లేదంటే సీసా పారేసే వేళయింది.

తెల్ల బంగారానికి ఈ యాసిడ్లను మామూలుగా వాడకండి. పైన రోడియం అనే తెల్లటి లోహపు పూత ఉంటుంది, అది కరగదు. తెల్ల బంగారానికి వేరే పుల్లలు ఉంటాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ కూడా నైట్రిక్‌కు లొంగదు, ఒక్క నైట్రిక్ చుక్కతో తేల్చేసేవాళ్లు దాన్ని బంగారమని పొరబడేది అందుకే. నీళ్ల పరీక్షలో అది 8 దగ్గరే ఆగిపోతుంది.

పని అయ్యాక రాయిని సోడా నీళ్లలో ముంచి, తడి ఎమెరీ కాగితంతో రుద్ది ఆరబెట్టండి. సీసాలు నిలబెట్టి, పిల్లలకు అందని చోట, పనిముట్లకు దూరంగా పెట్టండి. మూత బిగించినా వాటి ఆవిరికి పక్కనున్న ఇనుము తుప్పు పడుతుంది.

పనికిరాని చిట్కాలు

వెనిగర్‌లో వేయడం వల్ల ముత్యాలు పాడవుతాయి తప్ప వన్నె తెలియదు. పింగాణీ మీద గీస్తే బంగారంతో పాటు ఇత్తడి కూడా పసుపుపచ్చగానే గీస్తుంది. లైటర్ మంటలో పెడితే 14 కారట్ నగ కూడా అందులోని రాగి వల్ల నల్లబడుతుంది, రాళ్లు పగలొచ్చు. కొరికి చూస్తే మెత్తగా ఉండేది సీసం. చర్మం ఆకుపచ్చగా మారితే నకిలీ అనుకోవడమూ తొందరపాటే, రాగి ఎక్కువున్న 9, 10 కారట్ నగలతో కూడా కొందరికి అలా అవుతుంది.

5. యంత్రం దగ్గరికి తీసుకెళ్తే

ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ యంత్రం నగకు గీత పడకుండా ఒకటి రెండు నిమిషాల్లో ఏ లోహం ఎంత శాతమో కాగితం మీద ఇస్తుంది. దాని అంకెలు చూసి అందరూ గుడ్డిగా నమ్ముతారు. కానీ అది బంగారంలోకి చూసేది మిల్లీమీటరులో నూరో వంతు లోతు వరకే. పలచటి పూతను పట్టేస్తుంది, దళసరి రేకుకు బోల్తా పడుతుంది. అందువల్ల ఒక్కచోట చూపించి కాగితం తీసుకోవద్దు. అరిగిన అంచు, లోపలి వైపు, కొక్కెం, గొలుసు మధ్య, ఇలా కనీసం నాలుగు చోట్ల చూడమనండి. వీలైతే ఆకురాయి గాటు మీద కూడా. అతుకుల దగ్గర బంగారం కాస్త తగ్గి, జింకు గాని కాడ్మియం గాని కనిపించడం మామూలే. నగ పైన అంతా 91 శాతం, గాటులో 20 శాతం అంటే చెప్పేదేముంది.

బంగారం శాతం ఒక్కటే చూసి కాగితం మడిచేయకండి, మిగతా గడులు కూడా చదవండి. ఇరిడియం, రుథీనియం కనిపిస్తే జాగ్రత్త. బరువు కోసం కలిపే ఈ పొడులు బంగారంలో కరగకుండా గింజలుగా మిగులుతాయి. ఇరిడియం బంగారం కంటే దట్టమైనది, సాంద్రత పరీక్షకు దొరకదు.

రెండు పరీక్షలు రెండు మాటలు చెబితే

పైపరీక్ష 22 కారట్ అని, నీళ్లు సాంద్రత 12 అని చెబితే ముందు నగ బోలుగా ఉందా, లక్క నింపారా అన్నది చూడండి. నగ లోపల సందేమీ లేకుండా ఘనంగా ఉంటే అది పూతే. రెండూ 18 కారట్ దగ్గర కలిసి ముద్ర మాత్రం 916 అంటే నగ బంగారమే, ముద్ర అబద్ధం. 18 కారట్ లెక్కన ధర మాట్లాడుకోండి. నీళ్లలో సాంద్రత 17.2, గీటు మీద 22 కారట్ వస్తే అతుకులు ఎక్కువున్న పాత నగ కావచ్చు. కరిగిస్తే సగటు వన్నె ముద్ర కంటే కాస్త తక్కువే వస్తుందని ముందే లెక్కేసుకోండి.

ఎక్కువ బరువున్న నగ దగ్గర ఇంకా తేలకపోతే మిగిలింది పుటం పరీక్ష. పావు గ్రాము తునక కోసి, వెండి కలిపి, సీసపు రేకులో చుట్టి మూసలో కాలుస్తారు. సీసం, రాగి మూసలోకి ఇంకిపోతాయి. మిగిలిన గుండును నైట్రిక్ యాసిడ్‌లో మరిగిస్తే వెండి పోయి బంగారం ఒక్కటే నిలుస్తుంది, దాన్ని తూచి వన్నె చెబుతారు. సరిగ్గా చేస్తే తేడా వెయ్యిలో అర పాలు కూడా ఉండదు. తునక కోసిన చోటి వన్నే అది చెబుతుంది కాబట్టి అతుకు దగ్గర కోయనీయొద్దు, అనుమానం ఉన్న భాగం నుంచే కోయమనండి. కోసే ముందు నగ బరువు, కోశాక నగ బరువు, తునక బరువు మూడూ మీ ఎదుటే తూచి రసీదు మీద రాయించుకోండి.